ఫుట్‌బాలు లీగును వేసవిలో ఆడవలెనా, చలికాలములో ఆడవలెనా?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయమును వినగానే మీలో కొందరికి నవ్వు వచ్చి యుండవచ్చును. ఇంటి పన్ను, వీధి దీపములు, మురుగు కాలువలు, మంచినీటి పథకము – ఇవి గదా పంచాయతీ వ్యవహారములు. ఎక్కడో విదేశములలో ఫుట్‌బాలు లీగును ఏ ఋతువున నడుపవలెనని వాదించుకొనుచున్నచో దానితో మనకేమి పని? అయినను ఒక్క మాట ఆలోచింపుడు. జాతర ఎప్పుడు, చెరువు పూడిక తీయుట ఎప్పుడు, బడిపిల్లల ఆటల పోటీలు ఎప్పుడు అను ప్రశ్న ప్రతి సంవత్సరమును మీ సమావేశములందు వచ్చుచునే యుండును. ఎవరికి అనుకూలమైన నెల మరియొకరికి ప్రతికూలము. ఇట్టి తగవునే కొన్ని దేశములు చాల కాలము నడిపి, ఏదో యొక తీరున తేల్చుకొన్నవి. అది యెట్లు జరిగినదో తెలిసికొనుట మనకు వినోదమును, కొంత ఉపయోగమును గూడ కలిగింపగలదని మా నమ్మకము.

ముందుగా లీగు అనగానేమో చెప్పవలసి యున్నది. మన పల్లెలలో జరుగునవి టోర్నమెంట్లు. ఓడిన జట్టు ఇంటికి పోవును, గెలిచిన జట్టు ముందుకు సాగును, వారము పది దినములలో కప్పు ఎవరిదో తేలిపోవును. లీగు అట్లు కాదు. అందు ప్రతి జట్టు ప్రతి జట్టుతోను తన ఊరిలోను, ఎదుటివారి ఊరిలోను ఆడవలెను. ఐర్లండు దేశపు ప్రథమ శ్రేణి లీగులో 10 క్లబ్బులే యున్నవి. కాని ఒక్కొక్క జట్టు మిగిలిన తొమ్మిదింటితోను నాలుగేసి మార్లు తలపడును గనుక 36 పోటీలగును. వారమునకు ఒకటి చొప్పున ఆడినచో ఎనిమిది నెలలకు పైగా గడచిపోవును. ఆటగాండ్రకు విశ్రాంతికి మిగులునది మూడు నాలుగు నెలలే. కావున అసలు ప్రశ్న ఏ నెలలలో ఆడవలెననునది కాదు, ఏ నెలలను విడిచిపెట్టవలెననునది. రైతు దుక్కి ఎప్పుడు దున్నవలెనని ఆలోచించినట్లే పొలమును ఎప్పుడు బీడు పెట్టవలెనని కూడ ఆలోచించును గదా.

ఫుట్‌బాలు లీగు పుట్టినది ఇంగ్లండులో, 1888లో. మన దేశమున సిమ్లాలో డ్యూరాండు కప్పు మొదలైనదియు ఆ సంవత్సరమే. ఇంగ్లండులో వేసవి క్రికెట్టుది. పచ్చిక బయళ్లన్నియు దానికే కావలెను. కనుక ఫుట్‌బాలుకు ఆకురాలు కాలము మొదలు వసంతము వరకు, అనగా నడుమ చలికాలమంతయు మిగిలినది. ఇంగ్లీషువారు ఏ దేశమునకు పోయినను తమ ఆటతోబాటు తమ ఋతువును గూడ తీసికొనిపోయిరి. ఇది ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, అలవాటు. అలవాటు ముదిరిన పిమ్మట నియమమైనది.

ఆ అలవాటుకు 1962–63 చలికాలములో గట్టి దెబ్బ తగిలినది. ఆ సంవత్సరము ఇంగ్లండులో మంచు వారములకొలది కరుగక నిలిచిపోయినది. దేశమంతట ప్రసిద్ధమైన ఎఫ్.ఏ. కప్పు మూడవ అంచె పోటీలు 1963 జనవరి 5వ తేదీన జరుగవలసినవి. వాయిదాపై వాయిదా పడి 66 దినములకు గాని ముగియలేదు. హాలిఫాక్సు అను పట్టణపు క్లబ్బువారు గడ్డకట్టిన తమ మైదానమును మంచుపై జారు ఆటకు బాడుగకిచ్చి నాలుగు డబ్బులు చేసికొనిరి! ఇంత జరిగినను ఇంగ్లండువారు తమ ఋతువును మార్చుకొనలేదు. వాయిదాలకు ఓర్చుకొనిరి గాని క్రికెట్టు వేసవిలో అడుగు పెట్టలేదు. స్వీడనువారు మాత్రము అంతకు ముందే మేల్కొనిరి. తమ చలికాలమునకు ఫుట్‌బాలు తగదని గ్రహించి, 1957–58 లీగును సుదీర్ఘముగా సాగదీసి, 1959 నుండి వసంతము మొదలు ఆకురాలు కాలము వరకు ఆడు పద్ధతికి మారిరి. నేటికిని వారిది అదే పద్ధతి.

ఇక ఐర్లండు సంగతి. దీనిని గూర్చి కొంచెము వివరముగా చెప్పెదము. ఏలయనగా ఆ చిన్న ద్వీపమున రెండు లీగులున్నవి. దక్షిణమున ఐర్లండు రిపబ్లికుది ఒకటి, ఉత్తరమున బ్రిటిషు పాలనలోని ఉత్తర ఐర్లండుది మరియొకటి. రెండింటికి వానలు ఒకటే, గాలి ఒకటే, నేల ఒకటే. దక్షిణపు లీగు 2003లో వేసవికి మారినది. ఉత్తరపు లీగు నేటికిని చలికాలములోనే ఆడుచున్నది. పక్కపక్క చేలలో ఒకరు ముందు విత్తి మరియొకరు వెనుక విత్తినట్లు, పోల్చి చూచుటకు ఇంతకన్న మంచి అవకాశము దొరకదు.

దక్షిణమువారు ఏల మారిరి? మొదటి కారణము నేల. ఐర్లండులో వాన సంవత్సరమంతయు పడుచునే యుండును. అయితే చలికాలమున పడిన నీరు ఆవిరి కాదు, గడ్డి పెరుగదు. పోటీలు జరిగిన కొలది మైదానము నాట్లకు దమ్ము చేసిన మడి వలె తయారగును. బురదలో బంతిని నేర్పుగా నడుపుట కుదరదు. బలముగా తన్నుటయే ఆటయగును. రెండవ కారణము వెలుతురు. డబ్లిను నగరమున డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే. సాయంకాలము నాలుగు దాటగానే సూర్యుడస్తమించును. జూన్ మాసమున పగలు 17 గంటలు. రాత్రి పదిగంటలు కావచ్చు వరకు వెలుతురుండును. పనివారు ఫ్యాక్టరీలనుండి, కచేరీలనుండి వచ్చి భార్యాబిడ్డలతో శుక్రవారపు సాయంకాలమున పోటీ చూచుటకు అట్టి కాలమే తగినది. మూడవ కారణము పొరుగువారి పోటీ. చలికాలపు శనివారములందు ఐర్లండు జనులు టెలివిజను ముందు కూర్చుండి ఇంగ్లండు క్లబ్బుల ఆట చూచుచుందురు. తమ ఊరి జట్టు ఆట చూచువారు తక్కువ. ఇంగ్లండు లీగు సెలవులో నున్న నెలలలో ఆడినచో చూపరులు పెరుగుదురని వారి ఆశ.

నాలుగవది అన్నిటికన్న ముఖ్యమైన కారణము. యూరపులోని క్లబ్బుల నడుమ జరుగు గొప్ప పోటీలకు అర్హత పరీక్షలు జూలైలో మొదలగును. చలికాలపు లీగు ఆడు క్లబ్బుకు జూలై అనగా సెలవులనుండి అప్పుడే తిరిగివచ్చిన కాలము. ఆటగాండ్ర కాళ్లు ఇంకను బిగిసికొని యుండును. వేసవి లీగు ఆడువారికి అది నడి ఋతువు. దుక్కికి అలవాటైన ఎడ్లవలె సిద్ధముగా నుందురు. ఇందు డబ్బు ప్రశ్న గూడ కలదు. యూరపు పోటీలలో ఒక్కొక్క అంచె దాటినకొలది చిన్న క్లబ్బునకు దాని యేడాది ఖర్చులో పెద్ద పాలు చేతికి వచ్చును.

ఫలితములు చూతము. మారిన మరుసటి సంవత్సరమే, 2004లో, డబ్లిను నగరపు షెల్‌బోర్ను క్లబ్బు క్రొయేషియా దేశపు హైదుకు స్ప్లిట్ క్లబ్బును ఓడించి, స్పెయిను దేశపు ప్రసిద్ధమైన దెపోర్తివో లా కొరూన్యా క్లబ్బును సొంత నగరములో గోలు లేకుండ నిలిపివేసినది. అక్కడికి పోయి మాత్రము 3 గోల్సు తేడాతో ఓడినది. 2011లో షామ్రాక్ రోవర్స్ క్లబ్బు బెల్‌గ్రేడు నగరములోనే పార్టిజాన్ క్లబ్బును ఓడించి యూరోపా లీగు గ్రూపు దశను చేరినది. ఐర్లండు క్లబ్బులలో అదే మొదటిది. 2016లో డండాక్ క్లబ్బు ఆ దశను చేరి ఒక పోటీ గెలిచి, ఒకటి సమము చేసికొని 4 పాయింట్లు సంపాదించినది. పూర్వము ఇట్టివి ఐర్లండువారు కలలో గూడ ఊహింపనివి.

ఇంతవరకు విని, వేసవి పక్షము గెలిచినదని తీర్పు చెప్పుటకు మీరు సిద్ధమై యుందురు. ఒక్క క్షణము ఆగుడు. ప్రచారశాఖవారు మంచినే చెప్పి చెడును దాచుదురని మాపై ఒక నింద కలదు. దానిని ఇక్కడ తెచ్చుకొనుటకు మాకు ఇష్టము లేదు. షెల్‌బోర్ను క్లబ్బు 2006లో దేశపు ఛాంపియనైనది. అప్పుల భారముచేత మరుసటి సంవత్సరమే రెండవ శ్రేణికి దిగవలసి వచ్చినది. ఋతువు మారినంత మాత్రమున జమాఖర్చులు చక్కబడవు. మరియు వేసవిలో ఐర్లండు పల్లెలకు ప్రాణమైన గేలిక్ ఫుట్‌బాలు, హర్లింగు ఆటలు జరుగును. ఇంగ్లండు టెలివిజనునుండి తప్పించుకొన్న లీగు సొంత దేశపు ఆటలకు ఎదురుపడినది. సెప్టెంబరులో జరుగుచు వచ్చిన ఆ దేశవాళి ఆటల తుది పోటీలు 2022 నుండి జూలైకే ముగియునట్లు ఏర్పాటైనవి. ఒకరు కదిలినచో మరియొకరు కదలుదురు; తేదీల తగవు ఎన్నటికిని తీరదు.

ఉత్తరమువారి మాట? చలికాలమునే నమ్ముకొన్న ఆ లీగునుండి లార్న్ క్లబ్బు 2024లో యూరపు కాన్ఫరెన్సు లీగు ప్రధాన దశను చేరినది. అంతకు ముందు ఉత్తర ఐర్లండు క్లబ్బు ఏదియు అట్టి ప్రధాన దశను చేరలేదు. అదే దశలో అదే సంవత్సరము దక్షిణపు షామ్రాక్ రోవర్స్ గూడ ఉన్నది. రోవర్స్ తరువాతి అంచెకు చేరినది, లార్న్ చేరలేదు. అయితే ఇందొక వింత కలదు. ఆ ప్రధాన దశ పోటీలు డిసెంబరు వరకు సాగును. రోవర్స్ వారి సొంత లీగు నవంబరు మొదటనే ముగిసిపోయినది; పొలములో పని ముగిసిన పిమ్మట ఎడ్లను కట్టివేయక ఊరక మేపినట్లు, ఆ పోటీల కొరకే ఆటగాండ్రను సిద్ధముగా నుంచవలసి వచ్చినది. తరువాతి అంచె 2025 ఫిబ్రవరిలో, వారి కొత్త లీగు అప్పుడే మొదలగు దినములలో వచ్చినది. నార్వే దేశపు మోల్డే క్లబ్బు చేతిలో పెనాల్టీ తన్నులలో ఓడిపోయిరి. జూలైలో మేలు చేసిన ఋతువే డిసెంబరులో, ఫిబ్రవరిలో అడ్డము వచ్చినది. ముందుకు పోయిన కొలది లాభము నష్టముగా మారునని 2003లో ఎవరు ఊహించి యుందురు?

ఇప్పుడు జపానుకు పోదము. ఐర్లండు చలికాలమునుండి వేసవికి మారినది గదా. జపాను సరిగా దానికి వ్యతిరేకముగా చేసినది. అక్కడి జె. లీగు 1993లో ఆరంభమైనది. ఫిబ్రవరి చివరనో మార్చిలోనో మొదలుపెట్టి డిసెంబరులో ముగించుట 2025 వరకు వారి పద్ధతి. నడుమ జూలై, ఆగస్టు మాసముల వేడి భరింపరానిది. జపానువారు 1964లో టోకియో ఒలింపిక్సును అక్టోబరులో జరిపిరి. వేడిని తప్పించుట కొరకే. ఒక యేడాది ఆలస్యముగా 2021లో జరిగిన ఒలింపిక్సు మాత్రము జూలై, ఆగస్టులలో జరిగినవి. అప్పుడు మారథాను పరుగును దూరముగా ఉత్తరమున నున్న సప్పోరో నగరమునకు తరలించిరి. మహిళల ఫుట్‌బాలు తుది పోటీ పగలు 11 గంటలకు జరుగవలసినది. ఇరుజట్ల మొరను ఆలకించి రాత్రి 9 గంటలకు, మరియొక నగరపు మైదానమునకు మార్చిరి.

వేడి యనగా ఇక్కడ థర్మామీటరు చూపు వేడి ఒక్కటియే కాదు. ఇది మీరు ఇంటి కుండను చూచి గ్రహింపవచ్చును. రాయలసీమ పొడి ఎండలో మట్టికుండలోని నీరు చల్లగా నుండును. కోస్తాలో ఉక్కపోత నాడు అదే కుండలో నీరు అంతగా చల్లబడదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియైనప్పుడే నీరు చల్లబడును. గాలిలో తేమ నిండి యున్నచో ఆవిరి కాదు. మనిషి శరీరమును ఇట్టి కుండయే. చెమట పట్టుట చాలదు, ఆరవలెను. కనుకనే ఫుట్‌బాలు సంఘములు ఎండను, తేమను, గాలిని కలిపి లెక్కించు ఒక కొలతను వాడుచున్నవి. ఆ కొలత 32 డిగ్రీలు దాటినచో ప్రతి అర్ధభాగమునందును నీరు త్రాగుటకు ఆట నిలుపవలెనని ప్రపంచ ఫుట్‌బాలు సంఘపు నిబంధన. 2014లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో అట్టి విరామము నిచ్చిరి. 2022 ప్రపంచ కప్పును ఖతారు దేశములో జూన్, జూలైలలో ఆడుట అసాధ్యమని నవంబరు, డిసెంబరు మాసములకు మార్చిన సంగతి మీలో పలువురు టెలివిజనులో చూచియే యుందురు.

జపాను లీగువారు తమ లెక్కలు తీసిరి. ఎండాకాలపు పోటీలలో ఆటగాండ్రు పరుగెత్తు దూరమును, వేగపు పరుగులును తగ్గుచున్నట్లు తేలినది. పైగా ఆసియా క్లబ్బుల ఛాంపియన్సు లీగు 2023–24 నుండి ఆకురాలు కాలమున మొదలై వసంతమున ముగియునట్లు మారినది. యూరపు క్లబ్బులు ఆటగాండ్రను కొనుగోలు చేయునది గూడ వారి లీగు మొదలగుటకు ముందు, వేసవిలో. ఆ సమయమున జపాను క్లబ్బు నడి ఋతువులో నుండి తన మంచి ఆటగాని కోల్పోవుచుండెను. ఇన్ని కారణములతో ఆగస్టులో మొదలుపెట్టి, డిసెంబరు నడుమనుండి ఫిబ్రవరి నడుమ వరకు విరామమిచ్చి, మే చివరనో జూన్ మొదటనో ముగింతమను ప్రతిపాదన వచ్చినది.

ఇక్కడనే మీవంటి వారికి ఆసక్తి కలిగించు ఘట్టము మొదలగును. జపానుకు పడమట సముద్రము, ఆవల సైబీరియా. చలికాలమున సైబీరియానుండి వీచు గాలి ఆ సముద్రముపై తేమను పీల్చుకొని, జపాను నడిబొడ్డున నున్న కొండలను తాకి మంచుగా కురియును. మనకు ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతముమీదుగా వచ్చి దక్షిణ కోస్తాకు వాన తెచ్చు విధమును తలచుకొన్నచో సులభముగా అర్థమగును. ఆ కొండల పడమటి వైపున నీగాతా అను మండలము కలదు. మంచి బియ్యమునకు పేరుపొందిన నేల. అక్కడి లోతట్టు గ్రామములలో మంచు మనిషి ఎత్తును మించి పేరుకొనును. నీగాతా నగరపు క్లబ్బు పేరు అల్బిరెక్సు. కొండలకు తూర్పున టోకియోలో అదే దినమున ఆకాశము నిర్మలముగా నుండి ఎండ కాయుచుండును. ఒక్క దేశములోనే ఒకరికి వేసవి శత్రువు, మరియొకరికి చలికాలము శత్రువు.

అల్బిరెక్సు క్లబ్బు తన అభ్యంతరమును బహిరంగముగా చెప్పినది. పోటీలకు విరామమిచ్చినంత మాత్రమున చాలదు. అభ్యాసము చేయుటకు మైదానమేది? మంచు దారులలో చూపరులు ఎట్లు వత్తురు? జట్టు వారములకొలది వెచ్చని ప్రాంతములకు పోయి ఉండవలెనన్నచో ఖర్చెవరిది? ఆటగాండ్ర కుటుంబముల మాట యేమి? 2023 డిసెంబరులో లీగు తన 60 క్లబ్బుల అభిప్రాయము నడిగినది. మారుటకు నిశ్చయించి, మిగిలిన చిక్కులను పిదప పరిష్కరించుకొందమన్నవి 52. ఇంకను ఆలోచించి తేల్చుదమన్నవి 7. వద్దన్నది ఒక్కటి. 2023 డిసెంబరు 19న లీగు మారుటకే తీర్మానించినది. 2026 ఆగస్టు కొత్త ఋతువునకు ఆరంభముగాను, నడుమ ఖాళీని నింపుటకు 2026 ఫిబ్రవరి మొదలు జూన్ వరకు, పై శ్రేణికి పోవుట, క్రింది శ్రేణికి దిగుట లేని పొట్టి పోటీని జరుపునట్లును నిర్ణయమైనది.

మా దృష్టిలో ఇందు గమనింపదగినది 52 అను సంఖ్య కాదు, ఒకటి అను సంఖ్య. ఆ ఒక్కరు ఎదురు చెప్పినందుననే విరామపు దినములు, మంచు ప్రాంతముల క్లబ్బులకు డిసెంబరు, ఫిబ్రవరి మాసములందు సొంత ఊరి పోటీలు తగ్గించుట, అభ్యాస వసతులకు సహాయము మున్నగు విషయములు చర్చకు ముందు వరుసలోనికి వచ్చినవి. అయినను ఆగస్టు మాసము గూడ మండుటెండల మాసమే గదా, వేడిని తప్పించుటకు మారి ఆగస్టులో మొదలుపెట్టుట ఏమి న్యాయము అను ఆక్షేపణకు సంపూర్ణమైన సమాధానము మాకు కనబడలేదు. జూన్, జూలైలు మాత్రము తప్పినవి.

తక్కిన దేశముల సంగతి క్లుప్తముగా చెప్పి ముందుకు పోదము. రష్యావారు 2011–12లో 2011 మార్చి నుండి 2012 మే వరకు సాగిన అతి దీర్ఘమైన లీగుతో యూరపు పద్ధతికి మారిరి. అయినను చలికాలమున మూడు నెలలు ఆట ఆపక తప్పలేదు. ఇంగ్లండులో మహిళల సూపరు లీగు 2011లో పురుషుల లీగునకు అడ్డు రాకుండ వేసవి లీగుగా పుట్టి, 2017లో చలికాలమునకు మారినది. ఆస్ట్రేలియాలో రగ్బీ వంటి ఆటలు చలికాలపు మైదానములను ఆక్రమించినందున జాతీయ ఫుట్‌బాలు లీగు 1989లో వేసవికి తప్పుకొన్నది. అమెరికాలోని లీగు 2027 నుండి వేసవిలో ఆరంభించి మరుసటి వసంతమున ముగింపవలెనని 2025 నవంబరులో నిర్ణయించినది. అందరును ఒక్క దిక్కునకే పోవుట లేదు. ఎవరికి ఏది అడ్డమో దానిని తప్పించుకొనుచున్నారు.

మన దేశమున మరియొక సొగసైన మార్గము చాల కాలము నడచినది. ఋతువును మార్చుటకు బదులు ఆటగాండ్రే ఋతువు వెంట పయనించిరి. కలకత్తా లీగు 1898 నుండి వానకాలములో జరుగుచున్నది. అక్కడి మెత్తని తడినేలపై చెప్పులు లేని కాళ్లతో ఆడుట అలవాటు. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరును బూట్లు లేని కాళ్లతో, ఈస్టు యార్కుషైరు సైనిక దళమును 2–1 గోల్సుతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినది. వానలు వెనుకబట్టిన పిమ్మట బొంబాయిలో రోవర్సు కప్పు, చలి ముదిరిన పిమ్మట ఢిల్లీలో డ్యూరాండు కప్పు జరుగుచుండెడివి. మన హైదరాబాదు నగరపు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకములు, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము భారత జట్టునకు ఆయన శిక్షణలోనే లభించినవి. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇక్కడి గట్టి నేలపై ఆట నేర్చి, కలకత్తా బురదలో ఈస్టు బెంగాలు జట్టుకు ఆడి పేరు తెచ్చుకొన్నవాడు. గట్టినేల, తడినేల రెండును ఎరిగిన కాళ్లవి. నేడు డ్యూరాండు కప్పు ఢిల్లీ చలిని విడిచి వానకాలములో జరుగుచున్నది. అఖిల భారత లీగు పోటీలు మాత్రము వానలు తగ్గిన పిమ్మట జరుపుట వాడుక.

ఇక మన ఊళ్ల మాట. ఐర్లండులో వేసవి పక్షమునకు బలమిచ్చిన వెలుతురు వాదము మనకు అంతగా వర్తింపదు. హైదరాబాదులో జూన్ నెలలో పగలు పదమూడు గంటలకు కొంచెము పైన, డిసెంబరులో పదకొండు గంటలు. తేడా రెండు గంటలే. మనకు మిగులునవి ఎండ, వాన, పంట, పరీక్షలు. బడిపిల్లలకు సెలవులు మే నెలలో గనుక పోటీలు మే నెలలో పెట్టుట సులభమని పలు గ్రామములలో తలంచుదురు. ఇది మాకు భయము కలిగించు తలంపు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు పొట్టకూటికి ఎండలో తిరుగక తప్పనివారు. ఆటకు అట్టి నిర్బంధము లేదు. రెంటచింతలలోను రామగుండములోను మే నెల సాయంకాలము అయిదు గంటలకు గూడ నేల సెగలు గ్రక్కుచునే యుండును. సాయంకాలము ఆడినచో చాలునను మాట ఐర్లండుకు సరిపోవును గాని పల్నాటికి సరిపోదు.

మే నెల తప్పనిసరియైనచో తెల్లవారుజామున ఆడవలెను. పొద్దు ఆరింటిలోపుననే పొడుచును. పూర్తి పోటీకి విరామముతో కలిపి 105 నిమిషములు పట్టును. ఆరింటికి మొదలిడినచో ఎనిమిది లోపల ముగియును. దినమునకు ఒక్క పోటీయే జరుగును, టోర్నమెంటు పది దినములు ఎక్కువ పట్టును, పట్టనిండు. పిల్లల ఆటలో అర్ధభాగమును 30 నిమిషములకు తగ్గించుకొనుటకు అభ్యంతరముండదు. ఆడుచున్న పిల్లవాడు తడబడి మాటలాడినను, చెమట పట్టుట మానినను, ఒళ్లు కాలిపోవుచున్నను ఆట ఆపి, నీడకు చేర్చి, తడి గుడ్డలు వేసి, విసరుచు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అది గెలుపోటములు చూచు సమయము కాదు.

వెసులుబాటు కలిగినచో మా అభిప్రాయమున డిసెంబరు నడుమనుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. కోస్తాలో తుపానుల భయము సన్నగిల్లును. వానకాలపు పంట కోతలు ముగింపునకు వచ్చును. సంక్రాంతికి పట్టణములలో నున్న పిల్లలు ఊరికి వత్తురు. కాని చిక్కులు లేకపోలేదు. దాళ్వా నాట్లు వేయు గ్రామములలో కూలిపనికి పోవు పిల్లలు ఈ నెలలలో తీరికగా నుండరు. వారిని విడిచి ఆడినచో జట్టులో భూవసతి గలవారి పిల్లలే మిగులుదురు. పదవ తరగతి పరీక్షలు మార్చిలో గనుక తలిదండ్రులు ఫిబ్రవరిలో పిల్లలను మైదానమునకు పంపుటకు వెనుదీయుదురు. అయిదుమ్ముప్పాతికకే పొద్దు గ్రుంకును. నీగాతా క్లబ్బు వలె మీ వార్డులలో గూడ ఎవరో ఒకరికి మాత్రమే కనబడు చిక్కు ఉండును. తేదీ వ్రాయుటకు ముందు కూలివాడలనుండి వచ్చిన సభ్యుని మాటను అడుగుడు.

చివరగా నేలను గూర్చి. నల్లరేగడి మైదానము వానకాలమున అడుగు పెట్టనీయదు. మే నెలలో నెర్రెలు విచ్చి పిల్లల చీలమండలను విరుచును. దానికి నవంబరు చివరనుండి ఫిబ్రవరి వరకే అదను. ఎర్రచెలక నేల వాన వెలిసిన రెండు మూడు దినములలోనే ఆరిపోవును గనుక ఆగస్టు, సెప్టెంబరులలో గూడ వాన తెరపి చూచి ఆడుకొనవచ్చును. రాళ్లు ఏరించుట మాత్రము ముందు చేయింపవలెను. మీ ఊరి ఆటస్థలము ఏ నేలలో నున్నదో మాకన్న మీకే బాగుగా తెలియును. దానిని గూర్చియు, పోటీల తేదీలను గూర్చియు మీరు అడుగదలచిన ప్రశ్నలను ఇప్పుడు అడుగవచ్చును.